గడువు చీటీ చూసి చదివినవాణ్ణి

అందరికీ నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలకు పిలిచి, మీకు చదవడం ఎలా అలవాటైందో చెప్పండి అన్నారు. ఇలాంటి ప్రసంగాల్లో వక్తగారింట్లో తాతగారి పుస్తకాల బీరువా ఒకటి తప్పకుండా ఉంటుంది. మా ఇంట్లో బీరువా లేదు. మగ్గం ఉంది.

మాది చీరాల పక్కన నేతపల్లె. నాన్న గుంటమగ్గంలో కూర్చునేవాడు. అమ్మ, మేనత్త, ఇరుగుపొరుగు ఆడవాళ్లు వసారాలో రాట్నాలు పెట్టుకుని కండెలు చుట్టేవాళ్లు. చేతులు ఖాళీ ఉండేవి కాదు గానీ చెవులు ఖాళీయే. అందుకని నాకు కూడబలుక్కుని చదవడం వచ్చిన దగ్గర్నుంచి, వాళ్లకి చదివి వినిపించే పని నా మీద పడింది. మగ్గం చప్పుడుని మించి వినపడాలి కాబట్టి దాదాపు అరవాల్సి వచ్చేది. ఇప్పటికీ మనసులో చదువుకుంటున్నప్పుడు నా పెదాలు కదులుతాయని మా ఆవిడ ఆటపట్టిస్తుంది.

చదివింది ఎక్కువగా చందమామ. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పత్రిక. మా వసారా దాకా వచ్చేసరికి అట్ట ఊడిపోయి, పాతబడిపోయి ఉండేది. దానికెవరికీ పట్టింపు లేదు. బేతాళుడు ప్రశ్న వేసి, తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందని బెదిరించగానే నన్ను ఆపమనేవాళ్లు. విక్రమార్కుడి జవాబు నేను చదవకముందే వసారాలో తీర్పులు మొదలయ్యేవి. మా మేనత్త తీర్పు విక్రమార్కుడి తీర్పుతో కలిసేది కాదు. "వాడు రాజు కదరా, రాజుల పక్షమే చెప్తాడు" అనేది. ఆవిడకి సంతకం చేయడం కూడా రాదు. సాహిత్య విమర్శ నేను మొదట విన్నది ఆవిడ నోటే.

ఆ పత్రికలో సీరియళ్లకి రచయిత పేరు వేసేవాళ్లు కాదు. మాంత్రికులు, రాకాసులు, శిథిల కోటలతో నాకు నిద్రపట్టకుండా చేసినవి రాసింది దాసరి సుబ్రహ్మణ్యం అనీ, కథలన్నిటినీ అంత తేట తెలుగులోకి దిద్దింది కొడవటిగంటి కుటుంబరావు అనీ తెలిసేసరికి నాకు మీసాలొచ్చాయి. కుటుంబరావు 1980లో పోయారు. ఆ నెల కూడా నేను వసారాలో ఆయన దిద్దిన వాక్యాలే అరుస్తూ ఉండి ఉంటాను, ఆయన ఉన్నాడనీ తెలియదు, పోయాడనీ తెలియదు.

తర్వాత శాఖా గ్రంథాలయం. పుస్తకాలన్నిటికీ ఒకే రంగు కాలికో బైండు, వీపు మీద నంబరు. ఏది బాగుంటుందో ఎలా తెలుస్తుంది? వెనక అట్టకి అంటించిన గడువు చీటీ చూడాలి. దాని మీద తేదీ ముద్రలు కిక్కిరిసి ఉంటే పుస్తకం మంచిదన్నమాట. చీటీ తెల్లగా ఉంటే బీరువాలోనే పెట్టేయాలి. ఇప్పుడు ఆన్‌లైన్లో చుక్కలు ఇస్తున్నారు గానీ, ఈ చీటీని నేను ఎక్కువ నమ్ముతాను. ముద్ర పడాలంటే ఎవరో ఒకరు ఎండలో నడిచి రావాలి కదా. తెల్ల చీటీ పుస్తకాలు కొన్ని తర్వాత చదివాను. చాలావాటి విషయంలో మా ఊరివాళ్ల అంచనా తప్పలేదు.

మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. ఆ సెస్సు మా వీధి ఆడవాళ్ల కష్టం లోంచి కూడా పోయేది. కానీ వాళ్లలో ఎవరూ గ్రంథాలయం గడప తొక్కలేదు. మగవాళ్లు పేపర్ పేజీలు పంచుకుని కూర్చునే చోటు అది. అందుకని ఏం తేవాలో రాసిన చీటీలు నా చేతికి ఇచ్చేవాళ్లు. యద్దనపూడి నవల ఉంటే తే, లేకపోతే కిందటిసారి తెచ్చినావిడది ఇంకోటి తే అని. దారిలో రావిచెట్టు కింద కూర్చుని నేను ముందు చదివేసేవాణ్ణి. పన్నెండేళ్ల పిల్లాడు చదవాల్సినవేనా అంటే, ఏమో. ఆ నవలల్ని కాలేజీలో మా లెక్చరర్లు వంటింటి సాహిత్యమని తీసిపారేశారు. నేను ఒప్పుకోను. పొద్దంతా కండెలు చుట్టి, రాత్రి బుడ్డి దీపం ముందు మూడొందల పేజీలు ముగించే ఓపిక ఎవరికైనా ఊరికే రాదు.

చీరాలలో అద్దె పుస్తకాల షాపు సంగతి అందరికీ తెలిసిందే. డిపాజిట్టు, రోజు అద్దె, డిటెక్టివ్ నవలలు. మొదటి పేజీలోనే హంతకుడి పేరు పెన్సిల్‌తో రాసిపెట్టే మహానుభావులు. వాళ్లని ఇంకా క్షమించలేదు.

1985 జూలై 17న కారంచేడులో దళితుల్ని ఊచకోత కోశారు. మాకు సైకిల్ దూరం ఊరు. ప్రాణాలు దక్కినవాళ్లు చీరాల వచ్చి శిబిరంలో తలదాచుకున్నారు. మా ఇళ్లలో పెద్దవాళ్లు పిల్లల ముందు ఆ మాట ఎత్తేవాళ్లు కాదు. నేను వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లాను. 1918లో పుట్టిన గ్రంథాలయం, 1929లో గాంధీ శంకుస్థాపన చేసిన భవనం. పాత పత్రికల కోసం అక్కడికి దేశదేశాల పరిశోధకులు వస్తారు. నాకు మాత్రం ఆ వారం పేపర్లు చాలు. ఒక పేపర్లో ఉన్నది ఇంకోదాంట్లో లేదు. అన్నీ పక్కపక్కన పరుచుకుని చదవాల్సి వచ్చింది. అప్పటిదాకా నేను చదివిందంతా తర్వాత ఏమవుతుందా అన్న ఆత్రంతోనే. ఇది చెప్తున్నదెవరు, ఎవరి పక్షం అని ఆగి చూడడం ఆ బల్ల దగ్గర మొదలైంది. మేనత్త విక్రమార్కుణ్ణి పట్టుకున్నది అక్కడే అని అప్పుడు అర్థమైంది.

డిగ్రీ గుంటూరులో. ఇంగ్లీషు మీడియం టెన్షన్ గురించి చెప్పను, మీలో సగం మంది పడిందే. హాస్టల్లో ఏడుతరాలు ఒకే ఒక్క ప్రతి ఉండేది. ఆఫ్రికా నుంచి అమెరికాకి బానిసగా పట్టుకెళ్లినవాడి కుటుంబం కథ అది. అలెక్స్ హేలీ రాసిన ఆ నవలని సహవాసి తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 1980లో వేసింది. వంతు వచ్చేదాకా ఆగలేక ఎవరో దాన్ని మూడు ముక్కలు చేశారు. నాకు మధ్య ముక్క ముందు దొరికింది. ఆఫ్రికా చూడకుండానే అమెరికా తోటల్లో దిగిపోయాను. ఆ కుటుంబం ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసుకోవాలని మొదటి ముక్క కోసం రెండు గదులు తిరిగాను. ఆ నవలని అలాగే చదవాలేమో అని ఇప్పటికీ అనుకుంటాను.

సోవియట్ పుస్తకాలు అమ్మే విశాలాంధ్ర వ్యాన్ వస్తే మెస్ డబ్బులకి గండి పడేది. దళసరి అట్ట, గట్టి కుట్టు, కారు చవక. మాస్కోలో కూర్చుని తెలుగువాళ్లే అనువాదం చేసిన పుస్తకాలు. ఉప్పల లక్ష్మణరావు, ఆర్వీయార్ లాంటివాళ్లు. క్లాసులో అర్థంకాని ఫిజిక్సు రష్యన్ రచయిత పెరెల్మాన్ దగ్గర తెలుగులో అర్థమైంది. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, ఆ పుస్తకాల రాక ఆగిపోయింది. అప్పటికి నా డిగ్రీ కూడా అయిపోయింది.

ఇక్కడ గ్రంథాలయాల సిబ్బంది చాలామంది ఉన్నారు కాబట్టి ఒక పని అడుగుతాను. పాత పుస్తకాలకి మళ్లీ బైండు వేయించేటప్పుడు వెనక గడువు చీటీ చింపేసి కొత్తది అంటిస్తున్నారు. చింపకండి, తీసి ఒక కవర్లో వేయండి. ఏ పుస్తకం ఎప్పుడు అచ్చయిందో మన దగ్గర రాసి ఉంది. దాన్ని ఎన్నిసార్లు, ఏ ఏడాది ఇళ్లకి తీసుకెళ్లారో ఆ చీటీ మీదే ఉంది. అలాగే మీ వీధిలో ఒకప్పుడు అద్దె పుస్తకాల షాపు నడిపినవాళ్లు ఉంటే, వాళ్ల ఖాతా పుస్తకాలు అటక మీద ఉన్నాయేమో కనుక్కోండి. దొరికితే నాకు కబురు చేయండి, నేనే వచ్చి చూసుకుంటాను.