నీళ్ళు పెరిగితే, తగ్గితే: ఒకే ర్యాపిడ్‌ని వేర్వేరు నీటిమట్టాల్లో చదవడం

నమస్కారం. కయాక్‌ని, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవని తిన్నగా నడపడం, ఎడ్డీలోకి, అంటే రాయి వెనక నీళ్ళు ఎదురు తిరిగే చోటులోకి దూరడం, మళ్ళీ ప్రవాహంలోకి రావడం ఇప్పటికే వచ్చినవాళ్ళ కోసం ఈ వీడియో. అవి ఇంకా రాకపోతే ముందు వాటి సంగతి చూసి రండి.

మీరు ఎప్పుడూ వెళ్ళే నదే, ప్రతి రాయీ తెలిసిన ర్యాపిడే, అంటే రాళ్ళ మధ్య నీళ్ళు వడిగా పారే చోటే. నీళ్ళు ఓ మూరెడు పెరిగాయనుకోండి. ఏం మారుతుంది? దీనికి నది మొత్తం చూడక్కర్లేదు, ఒక్క రాయిని చూస్తే చాలు. స్క్రీన్ మీద ఉన్నది ఒకే రాయి, మూడు నీటిమట్టాలు.

మొదటి బొమ్మలో నీళ్ళు తక్కువ. రాయి నెత్తి పొడిగా ఉంది. ఎగువ వైపు నీళ్ళు రాయికి కొట్టుకుని ఉబ్బుతున్నాయి చూశారా, దాన్ని పిల్లో అంటారు. దిగువ వైపు నీళ్ళు ఎదురు తిరిగి రాయి దగ్గరికే వస్తున్నాయి, అది ఎడ్డీ. ఆగి, కింద ఏముందో చూసుకోవడానికి ఇదే చోటు. ఒక్క మాట. వడిగా వచ్చే నీళ్ళు రాయికి తగులుతున్నా పిల్లో కనపడకపోతే ఆ రాయిని నమ్మొద్దు. అడుగున రాయి కోసుకుపోయి ఉండొచ్చు, నీళ్ళు దాని కిందికి పోతూ ఉండొచ్చు. అలాంటి రాయికి ఎడంగా వెళ్ళండి.

రెండో బొమ్మ. రాయి మునిగింది. నీళ్ళు దాని మీంచి దూకి అడుగుకి పోతున్నాయి, ఆ పల్లాన్ని పూడ్చడానికి పైనీళ్ళు దిగువ నుంచి వెనక్కి దొర్లుతున్నాయి. ఇది హోల్. మొదటి బొమ్మలో మీరు సేద తీరిన చోటే ఇది! పడవలో కూర్చుని ఎగువ నుంచి చూస్తే నున్నగా ఒక మూపురం, దాని తర్వాత ఏమీ కనిపించదు. అందుకే ఒడ్డుకి దిగి, పక్క నుంచి, వీలైతే దిగువ నుంచి చూడాలి. రెండు విషయాలు చూడండి. నురగ గీత రెండు చివరలూ దిగువకి వంగి ఉంటే, ఇరుక్కున్నా చివరికి జరిగి బయటపడొచ్చు. ఎగువకి వంగి ఉంటే చివరల నుంచి కూడా మధ్యలోకే లాగుతుంది. ఇక రెండోది, నురగ ఎంత దూరం నుంచి వెనక్కి వస్తోంది? మీ పడవ పొడవు కంటే ఎక్కువ దూరం నుంచి వస్తుంటే దాని జోలికి పోకండి. అటూ ఇటూ ఒడ్డు దాకా ఒకే గీతగా సాగే హోల్, ముఖ్యంగా చిన్న ఆనకట్ట కింద ఏర్పడేది, చూడటానికి ఎంత చిన్నగా ఉన్నా పడవ భుజాన వేసుకుని నడవాల్సిందే. దానికి బయటికి పోయే చివర అంటూ ఉండదు.

మూడో బొమ్మ. నీళ్ళు ఇంకా పెరిగాయి. హోల్ కొట్టుకుపోయి నిలబడ్డ అల అయింది. పడవ పైకి లేస్తుంది, దిగుతుంది, అంతే. నీళ్ళు ఎక్కువైతే సులువని కొందరు చెప్పేది ఇది చూసే. ఈ ఒక్క రాయి వరకూ నిజమే. కానీ ఒడ్డున ఇన్నాళ్ళూ ఎండలో ఉన్న రాళ్ళు ఇప్పుడు రెండో బొమ్మలోకి వచ్చాయి కదా! కష్టాన్ని బట్టి ఒకటి నుంచి ఆరు దాకా ర్యాపిడ్‌లకి ఇచ్చే తరగతి కూడా మామూలు నీటిమట్టానికి ఇచ్చిందే. నీళ్ళు మారితే మూడో తరగతిది రెండు కావచ్చు, నాలుగూ కావచ్చు.

ఇప్పుడు గేజ్, అంటే నదిలో నీళ్ళని కొలిచే సాధనం. కొన్ని గేజ్‌లు మట్టం చెబుతాయి, కొన్ని క్యూసెక్కులు చెబుతాయి. ఒక క్యూసెక్కు అంటే సెకనుకి సుమారు 28 లీటర్లు. మట్టం చెప్పే గేజ్ ఎక్కడుందో కనుక్కోండి. నది వెడల్పుగా ఉన్నచోట అరడుగు పెరిగిందంటే, ఇరుకు లోయలో అంతకంటే చాలా ఎక్కువ పెరిగి ఉంటుంది. ఎందుకంటే అక్కడ నీళ్ళు పక్కకి పరుచుకోలేవు. వడి రెట్టింపైతే మీ మీద పడే తోపు నాలుగింతలవుతుందని కూడా గుర్తుంచుకోండి. మీరు నీళ్ళలోకి దిగే చోట ఒక రాయిని గుర్తు పెట్టుకుని, వెళ్ళిన ప్రతిసారీ దాని ఫొటో తీసి, ఆ రోజు గేజ్ అంకె, ఏ ర్యాపిడ్ ఎలా ఉందో రాసుకోండి. ఇంకొకరు చెప్పిన అంకె కంటే ఇదే పనికొస్తుంది.

అంకె కంటే ముఖ్యం, నీళ్ళు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా అనేది. దిగే ముందు నీటి అంచున ఒక పుల్ల గుచ్చి సామాన్లు సర్దుకోండి. పావుగంటలో పుల్ల నీళ్ళలోకి వెళ్ళిందంటే పెరుగుతున్నాయి. నీళ్ళ రంగు బురదగా మారుతున్నా, ఆకులూ కొమ్మలూ తేలి వస్తున్నా అదే అర్థం. అంచుకి పైన రాళ్ళ మీద తడి చార ఉండి, అలలు దాన్ని తాకకపోతే తగ్గుతున్నాయి. ఎగువన డ్యామ్ ఉంటే పుల్ల మీద ఆధారపడకండి, నీళ్ళు వదిలే వేళలు ముందే కనుక్కోండి.

నీళ్ళు తక్కువైనప్పుడు దారి ఇరుకవుతుంది. మొన దిగువకి ఉన్న వి ఆకారం కనిపిస్తే రెండు రాళ్ళ మధ్య దారి అని. మొన ఎగువకి ఉంటే ఆ మొన దగ్గర రాయి ఉంది. తెడ్డు లోతుగా ముంచకండి, రాళ్ళ మధ్య ఇరుక్కుంటుంది. పడవ అడ్డం తిరిగి రాయికి ఆనుకుంటే రాయి వైపే వాలండి, దాన్ని కావలించుకున్నంత పని చేయండి. భయంతో రాయికి దూరంగా, అంటే ఎగువకి వాలితే, నీళ్ళు పడవ పైఅంచు ఎక్కి బోల్తా కొట్టించి రాయికి అదిమేస్తాయి. నీళ్ళలో పడితే లేచి నిలబడొద్దు. వెల్లకిలా, కాళ్ళు దిగువకి, కాలివేళ్ళు నీటిపైకి కనపడేలా తేలండి. పాదం రాళ్ళ మధ్య ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకి పడదోసి ముఖాన్ని నీళ్ళలో నొక్కి పెడుతుంది. మోకాలి లోతు చాలు దీనికి.

నీళ్ళు ఎక్కువైనప్పుడు ఎడ్డీలు తగ్గిపోతాయి. ఉన్నవాటి అంచు కూడా గీతలా ఉండదు, సుడులు తిరుగుతూ, ఉబుకుతూ మీటరు వెడల్పున ఉంటుంది. మెల్లగా వెళ్తే పడవ అందులోనే తిరుగుతుంది. కాబట్టి వేగం పుంజుకుని, రాయికి వీలైనంత దగ్గరగా, పైభాగంలోనే అంచుని కోయండి. పూర్తిగా లోపలికి వచ్చేదాకా తెడ్డు ఆపొద్దు.

చెట్లు ఇంకో బెడద. ఒడ్డు మీద ఉండాల్సిన కొమ్మలు ఇప్పుడు ప్రవాహంలో ఉంటాయి. అది జల్లెడ, నీళ్ళు పోతాయి, మనిషి ఆగిపోతాడు. మలుపుల్లో బయటి ఒడ్డునే ఇవి ఎక్కువ, ప్రవాహం మిమ్మల్ని తోసేదీ అటే. నీళ్ళలో పడి చెట్టు వైపు కొట్టుకుపోతుంటే ముందు పక్కకి ఈదండి. తప్పించుకోలేమనిపిస్తే మాత్రం వెల్లకిలా ఉండకండి. బోర్లా తిరిగి, తల ముందు పెట్టి, చెట్టు మీదికే గట్టిగా ఈది, మాను పైకి ఎగబాకండి. కాళ్ళు ముందు వెళ్తే కొమ్మల కిందికి పోతారు.

త్రో బ్యాగ్ గురించి, అంటే నీళ్ళలో పడినవాళ్ళకి విసిరే తాడు సంచి గురించి. ప్రవాహం సెకనుకి 3 మీటర్లు ఉంటే మనిషి 20 మీటర్ల దూరాన్ని ఏడు సెకన్లలో దాటేస్తాడు. బ్యాగ్ పడవలో వెతుక్కునే టైము ఉండదు. తాడు విసిరే మనిషి ముందే దిగువన ఒడ్డు మీద, బ్యాగ్ చేత్తో పట్టుకుని నిలబడి ఉండాలి. గట్టిగా కేకేసి, అతను తలెత్తి చూశాక, తాడు అతని మీదుగా అవతల పడేలా విసరండి. అందుకున్నవాళ్ళు బ్యాగ్‌ని కాదు, తాడుని పట్టుకోవాలి. పట్టుకుని వెల్లకిలా తిరగాలి, తాడు ఛాతీ మీంచి ఒడ్డుకి అవతలి భుజం మీదికి రావాలి. చేతికి చుట్టుకోవద్దు, ఎప్పుడైనా వదిలేయగలగాలి.

చివరగా ఒకటి, తెలిసిన నదిలోనే ఎక్కువ జరిగే పొరపాటు ఇది. పెద్ద ర్యాపిడ్ ముందు రోజూ మీరు దిగి చూసే ఎడ్డీ ఒకటుంటుంది కదా, ఈ నీటిమట్టంలో అది ఉండకపోవచ్చు. దాని మీద లెక్క పెట్టుకుని వస్తే, అక్కడికి చేరేసరికి ఆగే దారి ఉండదు. నీళ్ళు ఎక్కువున్న రోజున దానికి పైనున్న ఎడ్డీలోనే ఆగండి, అక్కడి నుంచి ఒడ్డు వెంట నడిచి వెళ్ళి చూడండి. కింది ఎడ్డీ కనిపిస్తేనే, దాంట్లోకి గుంపులో అందరూ చేరగలరనిపిస్తేనే పడవ ఎక్కండి. లేదంటే అక్కణ్ణుంచే మోసుకుంటూ దిగువకి నడవండి.