ఎడారి పెరట్లో కొత్తిమీర ఎప్పుడు చల్లాలి? (ఫోన్-ఇన్ కార్యక్రమం, అక్టోబర్ మొదటి వారం)

యాంకర్: అమెరికాలో అరిజోనా ఎడారి నగరం ఫీనిక్స్ చుట్టుపక్కల పెరట్లో కూరలు పెంచుకునే మన తెలుగువాళ్లందరికీ నమస్కారం. మొదటి కాల్ చాండ్లర్ నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే అండీ. వినాయక చవితి అయిన వారానికే కొత్తిమీర, పాలకూర చల్లాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు కొడుతూనే ఉన్నా, ఒక్క మొలక రాలేదు. ధనియాలు పాతవేమో అని అమ్మ ఫోన్‌లో అంటే కొత్తవి తెచ్చి మళ్లీ చల్లాను. అవీ అంతే. మా ఊళ్లో ఊరికే విసిరేసినా మొలిచేవి కదా!

నిపుణురాలు: ధనియాల తప్పు కాదమ్మా, మట్టి ఇంకా కాలుతోంది. మట్టి వేడి 85 ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటితే ఈ రెండూ సరిగా మొలవవు. ఇక్కడ సెప్టెంబర్ అంటే ఎండాకాలమే, 2024లో సెప్టెంబర్ 28న కూడా ఫీనిక్స్‌లో 117 డిగ్రీలు కొట్టింది. కాబట్టి తేదీ చూసి చల్లకండి. సాయంత్రం ఆరింటికి మట్టిలో వేలు రెండు కణుపుల దాకా గుచ్చి చూడండి. వెచ్చగా తగిలితే ఇంకా ఆగాలి. నేనైతే అక్టోబర్ సగం దాటాకే చల్లుతాను, ఫిబ్రవరి దాకా కోసుకుంటాను. అంతవరకూ చేతులు ఊరుకోకపోతే మెంతులు చల్లుకోండి, అవి వేడిని కాస్త తట్టుకుంటాయి, నాలుగైదు రోజుల్లో మొలుస్తాయి.

శ్రోత: మట్టి మీద తెల్లగా పొరలా కూడా కడుతోందండీ, బూజా?

నిపుణురాలు: మడి అంచుల్లో ఎక్కువగా ఉందా? గీకితే పొడిలా రాలుతోందా?

శ్రోత: అవునండీ, అచ్చం అలాగే.

నిపుణురాలు: అది ఉప్పమ్మా. మన కుళాయి నీళ్లలోనే ఉప్పు ఎక్కువ. రోజూ పైపైన చిలకరిస్తే నీళ్లు ఎండకు ఆవిరైపోతాయి, ఉప్పు పైనే మిగిలిపోతుంది, మొలకకు అదే శత్రువు. ముందు ఆ పొర గీకి పారేసి, పైపు సన్నగా వదిలి గంటసేపు మడి తడవనివ్వండి. తర్వాత పొడవాటి స్క్రూడ్రైవర్ గుచ్చండి. అడుగు లోతు సులువుగా దిగితే నీళ్లు అక్కడిదాకా వెళ్లినట్టు. నాలుగంగుళాలకే రాయి తగిలినట్టు ఆగిపోయి, ఇంకా నీళ్లు పెట్టినా దిగకపోతే కింద సున్నపు గట్టిపొర ఉందన్నమాట, ఇక్కడ చాలా పెరళ్లలో ఉంటుంది. దాన్ని తవ్వుతూ నడుము విరగ్గొట్టుకోవద్దు, పైన చెక్కల మడి కట్టి కంపోస్టు కలిపిన మట్టి పోసుకోండి.

ఇక ధనియాలు. అప్పడాల కర్రతో మెల్లగా దొర్లిస్తే ఒక్కోటి రెండు బద్దలవుతుంది. పొడి చేసేయకండి. రాత్రంతా నానబెట్టి, తడిపిన మడిలో అర అంగుళం లోతున వేసి, పైన తడి గోనెపట్టా కప్పండి. రెండు వారాలు ఓపిక పట్టాలి. మొలక కనబడిన రోజే పట్టా తీసేయాలి, మర్చిపోతే మొలకలు పాలిపోయి పడిపోతాయి.

యాంకర్: గిల్బర్ట్ నుంచి ఇంకో కాల్.

శ్రోత: అక్కా, నమస్తే. మాది వరంగల్. మార్చిలో వేసిన పుంటికూర ఎండలో కూడా మస్తుగా పెరిగింది. ఇప్పుడు ఆకు చిన్నదైపోయి అంతా పూత పడుతోంది. ఎరువు వెయ్యాలా?

నిపుణురాలు: వద్దు తమ్ముడూ. పగలు తగ్గేకొద్దీ పుంటికూర, అదే మన గోంగూర, పూతకు తిరుగుతుంది, దాని స్వభావమే అంత. ఎరువు వేసినా మళ్లీ ముందులా పెద్దాకు రాదు. పచ్చడికి సరిపడా ఇప్పుడే కోసుకో. రెండు మంచి మొక్కలు మాత్రం ముట్టుకోకుండా విత్తనానికి వదిలెయ్. డిసెంబర్, జనవరిలో గడ్డకట్టే చలి పడే రాత్రులుంటాయి, ఆ చలికి అవెలాగూ నిలవవు. వాటి చోట ముల్లంగి పెట్టుకోవచ్చు.

శ్రోత: కరివేపాకు కుండీలో ఉందక్కా.

నిపుణురాలు: చలి రాత్రుల్లో వరండాలోకి జరుపు. జరపలేకపోతే పాత దుప్పటి కప్పు, ప్లాస్టిక్ మాత్రం ఆకుకు తగలనివ్వకు. పొద్దున ఎండ రాగానే తీసెయ్.

శ్రోత: పుంటికూర గింజ ముదిరిందని ఎట్ల తెలుస్తదక్కా?

నిపుణురాలు: కాయ గోధుమరంగుకు తిరిగి ఎండిపోతుంది, చెవి దగ్గర పెట్టి ఆడిస్తే లోపల గలగలమంటుంది. కాయ మీద సన్నటి నూగు ఉంటుంది, చేతికి గుచ్చుకుంటే దురద, గ్లోవ్స్ వేసుకుని కొయ్యి.