తక్కువ ధరలో మంచి వైన్: ఇప్పుడే తాగడానికి ఏది, దాచుకోవడానికి ఏది?

నమస్కారం. తక్కువ ఖర్చుతో మంచి వైన్ ఎలా వెతుక్కోవాలో ఈ వీడియోలో చూద్దాం. షాపులో అరల ముందు నిలబడగానే చాలామంది అడిగేది "ఏది బాగుంటుంది?" అని. దానికంటే ముందు మీకు మీరే జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఈ సీసా ఎప్పుడు తెరుస్తారు? ఈ వారంలోనా, ఐదేళ్ల తర్వాతా? ఆ జవాబు తేలితే మీరు చూడాల్సిన అరలు సగానికి సగం తగ్గిపోతాయి.

ఎందుకంటే ప్రపంచంలో తయారయ్యే వైన్‌లో ఎక్కువ భాగం ఏడాది, రెండేళ్లలో తాగేయడానికే తయారవుతుంది. అది లోపం కాదు. తాజా పండు వాసన, చురుకైన రుచి వాటి బలం. పోర్చుగల్ విన్యో వెర్దే, ఎక్కువ శాతం రోజే (గులాబీ రంగు) వైన్‌లు, ఫ్రాన్స్‌లోని బోజొలే ప్రాంతం నుంచి ఏటా నవంబర్ మూడో గురువారం విడుదలయ్యే బోజొలే నూవో, ఇవన్నీ ఈ కోవలోవే. వీటిని దాచిపెడితే మెరుగవ్వవు, పండు వాసన పోయి చప్పబడతాయి. కాబట్టి ఇప్పుడే తాగడానికి కొంటుంటే లేబుల్ మీద సంవత్సరం, అంటే ద్రాక్ష కోసిన ఏడాది, చూసి, ఉన్నవాటిలో కొత్తది తీసుకోండి. ఆ పని అక్కడితో అయిపోయినట్టే.

దాచుకోవడం దగ్గరే అసలు విషయం మొదలవుతుంది. దాచుకునే వైన్ అంటే ఖరీదైన వైన్ అని చాలామంది అనుకుంటారు. నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే: వైన్‌ని నిలబెట్టేవి వేరు, వైన్ ధరని పెంచేవి వేరు.

నిలబెట్టేవి మూడు. పులుపు, వగరు, తీపి. వగరు అంటే ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి వచ్చే టానిన్. బాగా మరిగిన టీ తాగితే నాలుక, చిగుళ్లు పొడిబారినట్టు అవుతాయే, అదే. ఎర్ర వైన్‌కి వగరు, పులుపు రెండూ కాపు కాస్తాయి. తెల్ల వైన్‌లో వగరు దాదాపు ఉండదు, కాబట్టి భారమంతా పులుపు మీదే, తీపి ఉంటే ఇంకా మంచిది. వీటితోపాటు రుచిలో చిక్కదనం కూడా ఉండాలి. పల్చగా ఉన్న వైన్‌లో ఎంత పులుపున్నా ప్రయోజనం లేదు, ఏళ్లు గడిచేసరికి ఆ పులుపొక్కటే మిగులుతుంది.

మరి ధర పెంచేవేంటి? మొదటిది పేరు. ఫ్రాన్స్‌లోని వైన్ ప్రాంతం బోర్డోలో 1855లో ఒక వర్గీకరణ చేశారు. అందులో చోటు దొరికిన తోటలు ఆ గౌరవాన్ని ఇప్పటికీ ధరలో వసూలు చేస్తున్నాయి. రెండోది నేల. పేరున్న చోట భూమి కొద్దిగానే ఉంటుంది, అడిగేవాళ్లు ప్రపంచమంతా ఉంటారు. మూడోది వైన్ నిల్వ చేసే కొత్త ఓక్ చెక్క పీపా. బోర్డోలో వాడే పీపాలో 225 లీటర్లు పడతాయి, అంటే సరిగ్గా 300 సీసాలు. పీపా ఖరీదంతా ఆ 300 సీసాల మీదే పడుతుంది. ఈ మూడింటిలో ఏదీ పులుపుని గానీ ద్రాక్షలోని వగరుని గానీ పెంచదు. ఓక్ కొద్దిగా టానిన్ ఇస్తుంది, నిజమే. అయినా అసలు బలం ద్రాక్షదే, అది పండిన వాతావరణానిదే.

అలాగని అన్నిటికంటే చవకది కొనమని చెప్పడం లేదు. సీసా, మూత, లేబుల్, రవాణా, ఈ ఖర్చులు చవక వైన్‌కీ, దాని పై మెట్టు వైన్‌కీ దాదాపు ఒకటే. కాబట్టి అడుగు అర నుంచి ఒక్క మెట్టు పైకి వెళ్తే, మీరు అదనంగా పెట్టిన డబ్బులో మంచి భాగం లోపలున్న వైన్‌కే చేరుతుంది. ఇంకా పైకి వెళ్లేకొద్దీ అది పేరుకి చేరడం మొదలవుతుంది. మనం వెతకాల్సింది ఆ మధ్య మెట్ల దగ్గర.

ఇక ఎక్కడ వెతకాలి? పేరున్న ఊరి పక్క ఊళ్లో. పేరు గొప్ప ఊరు దిబ్బ అని నేననను, ఆ పెద్ద పేర్లు ఊరికే రాలేదు. కానీ వాటి సరిహద్దు గీత దాటగానే నేల ఒక్కసారిగా మారిపోదు, ధర మాత్రం మారిపోతుంది. బోర్డోలో సెయింట్ ఎమిలియన్‌కి తూర్పున కాస్తియోన్ ఉంది. సున్నపురాయి నేల అటువైపూ సాగుతుంది, అక్కడా మెర్లో, కాబర్నే ఫ్రాన్ ద్రాక్షలే. ఫ్రాన్స్‌లోనే రోన్ నది లోయలో ఎర్మితాజ్ కొండ చాలా చిన్నది, దాని చుట్టూ విస్తరించిన క్రోజ్-ఎర్మితాజ్ దానికి ఎన్నో రెట్లు పెద్దది, రెండిటిలోనూ ఎర్ర వైన్‌కి సిరా ద్రాక్షే. అక్కడే లువార్ నది ప్రాంతంలో పేరున్న సాన్సేర్ పక్కనే మెనెతూ-సలోన్, రెండిటి తెల్ల వైన్‌కీ సోవిన్యోన్ బ్లాన్ ద్రాక్షే. ఇటలీలో బరోలో అనే పేరున్న ఎర్ర వైన్‌కి 38 నెలల నిల్వ తప్పనిసరి, అందులో 18 నెలలు చెక్క పీపాలో ఉండాలి. అదే నెబ్బియోలో ద్రాక్షతో చేసే లాంగె నెబ్బియోలోకి అంత కట్టుబాటు లేదు, కాబట్టి త్వరగా బయటికొస్తుంది, చవకగానూ వస్తుంది. తీపి వైన్ ఇష్టమైతే, బోర్డోలో తీపి వైన్‌కి పేరున్న సోటెర్న్‌కి ఎదురుగా, గారోన్ నదికి అవతలి ఒడ్డున ఉన్న లూపియాక్, సాంత్-క్రువా-ద్యు-మోన్ చూడండి. అవీ ఏళ్ల తరబడి నిలుస్తాయి.

బోజొలే గురించి కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే దీనికి దక్కాల్సినంత గౌరవం దక్కలేదని నా అభిప్రాయం. ఇక్కడి ద్రాక్ష గమే. 1395లో ఫ్రాన్స్‌లోని బర్గండీని ఏలిన డ్యూక్ ఫిలిప్, ఈ ద్రాక్షని తన నేలల్లోంచి పీకేయమని ఆజ్ఞ జారీ చేశాడు. అయినా దక్షిణాన బోజొలేలోని గ్రానైట్ నేలలో అది చక్కగా కుదురుకుంది. బోజొలే పేరు చెప్పగానే అందరికీ ఆ నవంబర్ వైన్ గుర్తొస్తుంది గానీ, ఉత్తర భాగంలో క్రూ అని పిలిచే ప్రాంతాలు పది ఉన్నాయి. మోర్గాన్, మూలాన్-ఆ-వాన్, ఫ్లూరీ, షెనా, ఇలా. లేబుల్ మీద ఆ ఊరి పేరే పెద్దగా ఉంటుంది, బోజొలే అనే మాట వెంటనే కనబడకపోవచ్చు. మోర్గాన్, మూలాన్-ఆ-వాన్ మంచి తయారీదారువి అయితే పదేళ్లు కూడా నిలుస్తాయి. కొన్న రోజు తెరిచినా బాగుంటాయి, ఆరేళ్లాగి తెరిచినా బాగుంటాయి. ఇలా రెండు విధాలా పనికొచ్చే ఎర్ర వైన్ ఈ ధరలో దొరకడం అరుదు.

దాచుకునే ఓపిక, చోటు రెండూ లేవా? అయితే మీ బదులు వాళ్లే దాచి అమ్మే వైన్ కొనండి. స్పెయిన్‌లోని రియోహా అందుకు సరైనది. ఇదిగో, ఈ సీసా వెనక్కి తిప్పుతున్నాను, కెమెరా దగ్గరికి తెస్తాను చూడండి. వెనక లేబుల్ పక్కన తపాలా బిళ్ల లాంటి చిన్న ముద్ర కాగితం ఉంది కదా. దీని రంగు చూస్తే చాలు. ఆకుపచ్చ అయితే నిల్వ నియమం లేని మామూలు వైన్. ఎరుపు అయితే క్రియాంసా, కనీసం రెండేళ్ల నిల్వ, అందులో ఒక ఏడాది ఓక్ పీపాలో. ముదురు ఎరుపు అయితే రిజర్వా, కనీసం మూడేళ్లు. నీలం అయితే గ్రాన్ రిజర్వా, కనీసం ఐదేళ్లు, అందులో రెండేళ్లు పీపాలో. ఇది ఎర్ర వైన్ లెక్క. నా చేతిలో ఉన్నది ముదురు ఎరుపు, రిజర్వా. ఈ రోజే తెరవొచ్చు, ఇంకొన్నేళ్లు ఉంచినా ఏమీ కాదు.

ఇక్కడో జాగ్రత్త. రియోహాలో రిజర్వా అనే మాటకి చట్టం ఉంది. అమెరికా సీసా మీద రిజర్వ్ అని రాసుంటే దాని వెనక జాతీయ స్థాయి నియమం ఏదీ లేదు, ఎవరైనా రాసుకోవచ్చు. ఫ్రాన్స్‌లో వియేయ్ విన్య్, అంటే ముసలి తీగలు, అని రాసినా అంతే, ఎన్నేళ్ల తీగో చట్టం చెప్పలేదు. సీసా బరువు, అడుగున లోతైన గుంట, వీటికీ లోపలి వైన్‌కీ సంబంధం లేదు.

తెల్ల వైన్‌లు దాచుకోవడం అంటే చాలామందికి నమ్మకం కుదరదు. నన్నడిగితే తక్కువ ధరలో దాచుకోవడానికి ఎర్రవాటికంటే ఇవే నయం. జర్మనీలో మోసెల్ నది ఒడ్డున పండే రీజ్లింగ్ అనే తెల్ల ద్రాక్ష వైన్‌లో కాబినెట్ అనే రకం ఉంది. అందులో ఆల్కహాల్ చాలాసార్లు 8, 9 శాతమే. చూడ్డానికి తేలికగా ఉంటుంది గానీ పదునైన పులుపు, దానికి తోడు కొద్ది తీపి, ఈ జంట దాన్ని పదేళ్లు దాటిస్తుంది. ఆస్ట్రేలియాలో హంటర్ లోయలో సెమియోన్ అనే తెల్ల ద్రాక్షతో చేసే వైన్ ఇంకా ఆశ్చర్యం. ద్రాక్షని త్వరగా కోసేస్తారు, ఆల్కహాల్ 10, 11 శాతం దగ్గరే ఆగుతుంది, ఓక్ జోలికి పోరు. కొత్తగా ఉన్నప్పుడు నిమ్మరసంలా బిగుసుకుని ఉంటుంది. పదేళ్లయ్యాక కాల్చిన రొట్టె, తేనె వాసనలు వస్తాయి. ఓక్ ముఖమే చూడని వైన్‌కి ఆ వాసన కేవలం కాలం ఇచ్చినది. లువార్ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా పండే మస్కడే కూడా చూడండి. లేబుల్ మీద స్యూర్ లీ అని ఉండాలి, అంటే శీతాకాలమంతా అడుగున దిగిన ఈస్ట్ మీదే ఉంచి ఆ తర్వాత సీసాకెత్తారని. మస్కడేలోనే క్లిసోన్ అనే ఊరి పేరు కనబడితే, అది కనీసం 24 నెలలు ఈస్ట్ మీద ఉన్న వైన్, నిశ్చింతగా దాచుకోండి.

బుడగల వైన్ గురించి ఒక్క మాట. షాంపేన్ పద్ధతిలోనే సీసాలో రెండోసారి పులియబెట్టి చేసే ఫ్రెంచ్ క్రేమాన్‌లు, స్పెయిన్ కావా ఉన్నాయి. కావాలో గ్రాన్ రిజర్వా అయితే 30 నెలలు ఈస్ట్ మీద ఉండాలి. సంవత్సరం వేయని మామూలు షాంపేన్‌కి మొత్తం నిల్వ 15 నెలలైతే చాలు.

సంవత్సరాల విషయానికొస్తే, సూత్రం సులువు. వాతావరణం కలిసొచ్చిన ఏడాది చిన్న తయారీదారులవి కొనండి, ఆ ఏడు అందరికీ మంచి పండు దొరుకుతుంది. బోర్డోలో 2010, 2016 అలాంటివి. 2013 లాంటి కష్టమైన ఏడాది మాత్రం పనికిరాని పండుని పక్కన పెట్టగల స్తోమతున్నవాళ్లే గట్టెక్కుతారు.

ఇప్పుడు ఈ వీడియోలో అన్నిటికంటే పనికొచ్చే భాగం. కొన్న వైన్ నిలుస్తుందో లేదో ఇంట్లోనే ఎలా తెలుసుకోవాలి? ఒకే వైన్ రెండు సీసాలు కొనండి. ఒకటి తెరవండి. గ్లాసులో కొద్దిగా పోసుకుని రుచి చూసి, మూడు మాటలు రాసుకోండి: పులుపు ఎలా ఉంది, వగరు ఎలా ఉంది, మింగాక రుచి ఎంతసేపు నిలిచింది. సగం సీసా అయ్యాక మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టేయండి, ఎర్రదైనా సరే. మర్నాడు అదే వేళకి తీయండి. ఎర్రదాన్ని అరగంట బయట ఉంచండి. మళ్లీ రుచి చూడండి. పండు వాసన పోయి, చప్పగా, కొద్దిగా వెనిగర్ ఛాయ తగిలిందా? రెండో సీసా ఈ నెలలోనే తాగేయండి. నిన్నటిలాగే ఉందా? రెండు మూడేళ్లు ఉంచొచ్చు. నిన్న బిగుసుకుని ఉన్నది ఈ రోజు విచ్చుకుందా, నిన్న లేని వాసన ఏదైనా వచ్చిందా? అయితే అదే వైన్ ఇంకొన్ని సీసాలు తెచ్చి దాచండి. ఒక్క రోజు గాలి తగలడం, మూతలోపల ఏళ్లు గడపడం ఒకటి కాదు. సరిగ్గా ఎన్నేళ్లో ఈ పరీక్ష చెప్పదు. కానీ గాలిని తట్టుకునే సత్తా ఉందో లేదో మాత్రం బయటపెడుతుంది. మొదటి గుటకకే తడిసిన అట్టపెట్టె వాసన వస్తే మాత్రం ఇది వైన్ తప్పు కాదు, కార్క్ తప్పు. దాన్ని బట్టి తీర్పు చెప్పకండి, షాపుకి తిరిగివ్వండి.

దాచే చోటు. వైన్‌కి అనుకూలమైనది 12, 13 డిగ్రీలు. అంతకంటే ముఖ్యం, ఆ వేడి రోజూ పెరుగుతూ తగ్గుతూ ఉండకూడదు. వెలుతురు తగలకూడదు, కదలికలు ఉండకూడదు. కార్క్ ఉన్న సీసాని పడుకోబెట్టండి, వైన్ తగులుతూ కార్క్ ఎండిపోకుండా ఉంటుంది. స్క్రూ క్యాప్ అయితే నిలబెట్టినా నష్టం లేదు. పొయ్యి దగ్గర, ఫ్రిజ్ పైన అసలు పెట్టొద్దు. మామూలు ఫ్రిజ్ లోపల కొన్ని వారాలు ఫర్వాలేదు, ఏళ్ల తరబడి మాత్రం వద్దు, ఆ పొడి గాలికి కార్క్ ఎండుతుంది. ఇంట్లో చల్లటి చోటు లేకపోతే టెన్షన్ పడకండి. రియోహా రిజర్వా లాంటివి కొనుక్కుని తాగండి, ఖరీదైన సీసాని వేడికి బలిపెట్టడం కంటే అది మేలు.

దాచేటప్పుడు ఒకే వైన్ ఆరు సీసాలు తీసుకుంటే మంచిది. ఒకటి ఇప్పుడు, ఒకటి రెండేళ్లకి, అలా తెరుస్తూ పోతే దాని నడక మీకే తెలుస్తుంది. ప్రతి సీసా మెడకి చిన్న చీటీ కట్టి, కొన్న తేదీ, ఎప్పుడు తెరవాలనుకున్నారో రాయండి. మధ్యలో ఒక సీసా ముడుచుకుపోయి వాసన లేకుండా అనిపిస్తే కంగారుపడి మిగతావి తెరిచేయకండి. కొన్ని ఎర్ర వైన్‌లు అలా కొన్నాళ్లు మూగబోయి తర్వాత తేరుకుంటాయి.

పదేళ్ల ఎర్ర వైన్ తెరిచే రోజుకి ముందు రోజే సీసాని నిలబెట్టండి, మడ్డి అడుక్కి దిగుతుంది. కార్క్ మెత్తబడి ఉంటుంది కాబట్టి నిదానంగా తీయండి. మెడ వెనక చిన్న లైట్ పెట్టుకుని, ఒకే ధారగా జగ్గులోకి వంచండి. మడ్డి మెడ దాకా రాగానే ఆపేయండి. కొత్త వైన్‌లాగా దాన్ని గంటలు గంటలు గాలికి వదలొద్దు, వెంటనే గ్లాసుల్లో పోసేయండి.