విజయనగరం ఎండలో స్కీ వాలు: పరుపు కన్నా ముందు నీళ్ల లైను

నమస్కారమండీ. మంచు పడని ఊళ్లో స్కీయింగ్ అంటే కాళ్లకి స్కీలనే పొడవాటి బద్దలు కట్టుకుని ప్లాస్టిక్ బ్రష్ పరుపు మీద జారడమే. కోపెన్‌హేగన్‌లో చెత్త కాల్చి కరెంటు తీసే ప్లాంటు కప్పు మీద 2019లో తెరిచిన వాలు కూడా ప్లాస్టిక్కే. మన విజయనగరంలో పిల్లలు నేర్చుకునే చిన్న వాలు ఎలా వేయాలో చూద్దాం.

ముందు ఏటవాలు. 60 అడుగుల నేలకి 10 అడుగుల ఎత్తు, అంటే సుమారు తొమ్మిదిన్నర డిగ్రీలు. కొత్తవాళ్లకి అంతకు మించి వద్దు. కంటి అంచనా పనికిరాదు, తాపీ మేస్త్రి చేత లెవెల్ పైపు పట్టించండి. ఎర్రమట్టి అర అడుగు మందాన పరిచి, తడిపి, రోలర్ తొక్కించాకే పై పొర వేయాలి. ఒకేసారి పోసేస్తే అక్టోబరు తుపాను వానకి కుంగి గుంటలు పడతాయి. రెండు పక్కలా కాలవ తీయండి. కింద 40 అడుగులు చదును, చివర కొంచెం ఎదురెత్తు. ఆగడం రానివాళ్లని ఆపేది ఆ ఎత్తే.

పరుపు కింది నుంచి పైకి వేసుకు రావాలి. ఇంటి పెంకుల్లాగే పై వరస కింది వరస మీదకి ఎక్కాలి. తిరగేశారా, స్కీ మొన అంచులో దూరి మనిషి బోర్లా పడతాడు. పై అంచుకి బోల్టు గట్టిగా, కింది అంచుకి పొడవాటి రంధ్రంలో వదులుగా. మే నెల ఎండకి పరుపు పలక వేడి 30 డిగ్రీలు పెరిగితే మీటరుకి 3, 4 మిల్లీమీటర్లు సాగుతుంది. రెండు వైపులా బిగిస్తే మధ్యలో ఉబ్బుతుంది.

ఇప్పుడు అసలు సంగతి, నీళ్లు. పొడి పరుపు మీద రాపిడికి స్కీ అడుగు వేడెక్కి పాడవుతుంది, పడ్డవాళ్ల చర్మం గీరుకుపోతుంది. డ్రిప్ షాపులో దొరికే మైక్రో స్ప్రింక్లర్లు రెండు పక్కలా 10 అడుగులకొకటి పెట్టండి. ఎక్కే 15 నిమిషాల ముందే తిప్పండి. మన బోరు నీళ్లలో సుద్ద ఎక్కువైతే నాజిల్ మూసుకుంటుంది, ఒక పక్క పొడిగా ఉండిపోతుంది. జారుతున్నవాడికి సగంలో స్కీ పట్టేసినట్టవుతుంది, అక్కడే పడతాడు. అందుకే మోటారు దగ్గర ఫిల్టరు పెట్టి, వారానికోసారి నాజిళ్లు విప్పి వెనిగర్‌లో నానబెట్టండి. కాలవ నీళ్లని తొట్టిలో తేర్చి మళ్లీ వాడుకోవచ్చు.

ఎండ వేళ వద్దు, ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం ఐదు దాటాక. ఫుల్ చేతుల చొక్కా, హెల్మెట్, గ్లౌజులు లేకుండా ఎవరినీ ఎక్కించకండి. పడేటప్పుడు అరచేయి ఆనించకూడదు, పిడికిలి బిగించాలి. బొటనవేలు పరుపు సందులో ఇరుక్కుంటే కీలు తొలగుతుంది.