ఏ పీరియడ్‌లో?

శ్రోతలకు నమస్కారం.

సోమవారం పొద్దున ఏడున్నర. ఇంకో పావుగంటలో స్కూలు ఆటో వస్తుంది. ఇడ్లీ ముందు కూర్చున్న పిల్లాడు "అమ్మా, కడుపులో నొప్పి" అంటాడు. ముడుచుకుని పడుకుంటాడు. ఆటో వచ్చి, రెండుసార్లు హారన్ కొట్టి, వెళ్లిపోతుంది. పది గంటలకల్లా నొప్పీ లేదు, గిప్పీ లేదు. ఆ ఇడ్లీలే అడిగి మరీ తింటాడు. ఇంట్లో పెద్దలు తేల్చేస్తారు: "అన్నీ నాటకాలు!"

మా చెల్లెలి కొడుకు సంగతి చెబుతున్నాను. ఏడో తరగతి. నాటకాలు అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. పొట్ట నొక్కి చూశాడు, పరీక్షలు చేయించాడు. ఏమీ లేదు. చివర్లో అడిగాడట: "ఆదివారం కూడా వస్తుందా ఈ నొప్పి?" మా చెల్లి ఆలోచించింది. పగలంతా రాదు. ఆదివారం సాయంత్రం, బ్యాగు సర్దుకునే వేళకు మొదలవుతుంది.

నొప్పి మాత్రం నిజమే. భయపడ్డప్పుడు ఒంట్లో అడ్రినలిన్ ఊరుతుంది. పరిగెత్తడానికన్నట్టు రక్తం కాళ్లకూ చేతులకూ ఎక్కువగా పోతుంది, పేగులకు తగ్గుతుంది. కడుపులో దేవినట్టుంది అని మనం ఊరికే అనం. రాత్రి నిద్రలో లేపే నొప్పి అయినా, జ్వరం ఉన్నా, బరువు తగ్గుతున్నా అది వేరే విషయం, డాక్టరే చూడాలి.

సరే, భయం దేనికి? "స్కూలంటే ఎందుకురా భయం?" అని అందరం అడిగాం. "ఏమో" అన్నాడు. పది మంది అడిగితే పదిసార్లూ "ఏమో" అన్నాడు. మొండితనం అనుకున్నాం. నిజానికి ఎందుకు అన్న ప్రశ్న పిల్లలకు చాలా పెద్దది. మనల్ని ఆఫీసంటే ఎందుకు భయం అని అడిగితే మనం మాత్రం ఏం చెబుతాం?

వాళ్ల నానమ్మ ఒకరోజు టైంటేబుల్ తెమ్మంది. ఆవిడకు ఇంగ్లీషు రాదు. వేలు పెట్టి ఒక్కో గడీ చూపిస్తూ, "ఇదేంట్రా? ఇది బాగుంటుందా? మరి ఇది?" అని అడుగుతూ పోయింది. లెక్కలు, బాగుంటాయి. తెలుగు, బాగుంటుంది. నాలుగో గడి దగ్గర వాడు నోరు మెదపలేదు. సోషల్.

అంతకు ముందు నెలలో లేచి నిలబడి పాఠం చదవమంటే, ఐలాండ్ అన్న మాటను ఇస్లాండ్ అని చదివాడట. క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి వాడి పేరు ఇస్లాండ్. అంతే! మనకు అంతే. వాడికి అది రోజుకు నలభై నిమిషాల ఉరి.

మానిపించి ఇంట్లో కూర్చోబెడితే ఆ రోజుకు హాయిగానే ఉంటుంది. చిక్కంతా ఆ హాయితోనే. మర్నాడు భయం ఇంకాస్త పెరుగుతుంది. అందుకని మా చెల్లి వెళ్లి సోషల్ టీచరుతో మాట్లాడింది. చదవాల్సిన పేరా ముందురోజే చెబుతానంది ఆ టీచరు. అదీ మూడు లైన్లే. పేర్లు పెట్టి వెక్కిరించడం క్లాసులో ఆపించింది. ఆ మూడు లైన్లూ వాడు రాత్రి నానమ్మకు చదివి వినిపించేవాడు. ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా "బాగుంది, ఇంకోసారి" అనేది.

అన్ని భయాలూ ఇంత తేలిగ్గా దొరకవు. నాలుగో గడిలో ఉన్నది కొట్టే టీచరు కావచ్చు. కొట్టడమే కాదు, మనసు నొచ్చేలా వేధించడం కూడా 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం నిషేధం. స్కూలువాళ్లను గట్టిగా అడగండి. పిల్లలు చచ్చిపోవాలనుంది అన్నా, మీకేం తోచకపోయినా మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలి మానస్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. నంబరు 14416. మళ్లీ చెబుతున్నాను, ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఎందుకు అని అడగొద్దు. ఏ పీరియడ్ అని అడగండి. ఆటో హారన్ కొడుతున్నప్పుడు కాదు, సాయంత్రం తీరిగ్గా అడగండి.

మొన్న సోమవారం వాడు మళ్లీ కడుపు నొప్పన్నాడట. మా చెల్లి గుండె గుభేలుమంది. "ఏ పీరియడ్ రా?" అని అడిగింది.

"పీరియడ్ కాదమ్మా, నిన్న పెళ్లిలో గారెలు."


ఉంటాను. నమస్కారం.