ఫైబర్ బోటుకి జెల్‌కోటా, పెయింటా? డబ్బా కొనేముందు చూడండి

అందరికీ నమస్కారం. ఏప్రిల్ 15 వచ్చిందంటే మన తూర్పు తీరంలో వేట నిషేధం మొదలు. జూన్ 14 దాకా, 61 రోజులు ఇంజిన్ బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. ఉప్పాడలో చూసినా భీమిలిలో చూసినా ఇసుక మీద ఫైబర్ బోట్లు, పక్కన రెసిన్ (హార్డెనర్ కలిపితే గట్టిపడే చిక్కటి ద్రవం) డబ్బాలు, ఎమరీ కాగితాలు. అందరూ అడిగేది ఒకటే: బాడీ రంగు వెలిసిపోయి చేత్తో రాస్తే తెల్లపొడి రాలుతోంది, మళ్లీ జెల్‌కోట్ కొట్టించాలా, పెయింట్ వేస్తే సరిపోతుందా?

నా మాట ముందే చెప్పేస్తాను. ఒడ్డుకి ఈడ్చే బోటైతే ఇసుక రాసుకునే అడుగుభాగానికి జెల్‌కోట్, పైన పక్కలకి పెయింట్. బోటంతటికీ ఒకటే వేయాలని ఎక్కడా లేదు.

[దృశ్యం: అరిగిన బోటు అడుగు, దగ్గరగా]

ఎందుకో చూడండి. జెల్‌కోట్ అంటే రంగు కలిపిన పాలిస్టర్ రెసినే. బోటు చేసేటప్పుడు అచ్చులో మొట్టమొదట పడేది అదే, దాని మీదే మ్యాట్ (ఫైబర్ పోగుల చాప), రెసిన్ వేసి బాడీ కడతారు. గట్టిపడ్డాక దాని మందం దాదాపు అర మిల్లీమీటరు. రంగు ఒక డబ్బాలో, హార్డెనర్ ఇంకో డబ్బాలో వచ్చి, కలిపి వేసే రెండు డబ్బాల పాలీయురేథేన్ పెయింట్ రెండుసార్లు పూసినా మిల్లీమీటరులో పదో వంతుకి మించదు. అంటే పెయింట్ ఒక కాగితం మందమైతే, జెల్‌కోట్ అయిదు కాగితాల మందం. రోజూ ఇసుక మీద ఈడ్చే చోట ఈ తేడా చాలా పెద్దది. పైగా జెల్‌కోట్‌కి గీత పడితే ఆ గీత వరకే నింపి, రుద్ది, మెరుగు పెట్టుకోవచ్చు. పాలీయురేథేన్‌లో అతుకు వేస్తే ఆ మచ్చ అలా కనిపిస్తూనే ఉంటుంది.

మరి పక్కలకి పెయింట్ ఎందుకంటారా? మెరుపు కోసం. అచ్చులో ఉన్నప్పుడు జెల్‌కోట్‌కి ఆ నున్నదనం అచ్చే ఇస్తుంది. బయట నుంచి కొడితే పైపొర గరుకుగా వస్తుంది, దాన్ని 220 నంబరు ఎమరీ కాగితంతో మొదలుపెట్టి 400, 600, 800, 1000 దాకా రుద్ది, ఆపైన కాంపౌండ్‌ (మెరుగు పెట్టే పేస్టు)తో బఫ్ చేయాలి, అంటే మెరిసేదాకా రుద్దాలి. ఇరవై ఎనిమిది అడుగుల బోటుకి రెండు పక్కలా ఈ పని చేయించిన వాళ్లకి తెలుసు, భుజాలు పడిపోతాయి. పెయింట్ అయితే రోలర్‌తో వేసి, వెనకాలే మెత్తటి బ్రష్‌తో ఒకసారి తేలిగ్గా లాగితే అదే సర్దుకుని మెరుస్తుంది, ఎండకి కూడా జెల్‌కోట్ కన్నా ఎక్కువ కాలం రంగు నిలుస్తుంది.

అసలు రెండూ అక్కర్లేకపోవచ్చు కూడా. ఒక అడుగు చదరం తడిపి 1000 కాగితంతో రుద్ది, కాంపౌండ్ పెట్టి చూడండి. మెరుపు తిరిగొస్తే లోపల జెల్‌కోట్ ఇంకా ఉన్నట్టే, బఫ్ చేసి వ్యాక్స్ పెట్టండి చాలు. అదే రుద్దుతుంటే ఫైబర్ పోగులు బయటపడితే, అక్కడ ముందు మ్యాట్, రెసిన్ వేయాలి. పోగుల మీద నేరుగా ఏ రంగు కొట్టినా నీరు లోపలికి పాకుతుంది.

[దృశ్యం: థిన్నర్ గుడ్డతో పాత రంగుని తుడవడం]

ఇక చాలామంది బోట్ల మీద ముందే ఇంట్లో తలుపులకి వేసే ఎనామిల్ ఉంటుంది. థిన్నర్‌లో ముంచిన గుడ్డతో గట్టిగా రుద్దండి, రంగు మెత్తబడి గుడ్డకి అంటితే అది ఎనామిలే. దాని మీద రెండు డబ్బాల పెయింట్ వేస్తే కింద పొర ముడతలు పడి లేస్తుంది, మొత్తం గీకాల్సిందే. అలాగే ఎం-సీల్ లాంటి ఎపాక్సీతో ఎక్కడైనా అతుకు వేసి ఉంటే ఆ చోట జెల్‌కోట్ సరిగా పట్టదు, రుద్ది పెయింట్ వేసుకోవచ్చు. ఇంకోటి, రుద్దడానికి ముందే పాత వ్యాక్స్, చేప నూనె, డీజిల్ జిడ్డు తుడిచేయాలి, లేకపోతే ఎమరీ కాగితమే ఆ జిడ్డుని గీతల్లోకి ఎక్కిస్తుంది. దయచేసి ఈ మాట తేలిగ్గా తీసుకోకండి, కొట్టిన రంగు చేప కళ్లలా గుండ్రంగా విడిపోయేది ఇందుకే.

జెల్‌కోట్ కలిపేటప్పుడు హార్డెనర్ (దాన్ని గట్టిపరిచే ద్రవం) నూటికి ఒకటి నుంచి రెండు పాళ్లు, అంటే కిలోకి 10 నుంచి 20 గ్రాములు. మే ఎండకి గిన్నెలోనే గట్టిపడుతోందని ఒక పాలు కన్నా తగ్గించేస్తారు కొందరు, అప్పుడు అది పూర్తిగా ఎప్పటికీ గట్టిపడదు. హార్డెనర్ తగ్గించకండి, కలిపే మోతాదు తగ్గించండి. గాలి తగిలితే పాలిస్టర్ పైపొర జిగటగానే ఉండిపోతుంది కాబట్టి ఆఖరి కోటులో మాత్రం వ్యాక్స్ కలిపిన ద్రావణం పడాలి. మధ్య కోట్లలో కలిపితే పై కోటు అంటుకోదు.

ఇప్పుడు చెప్పేది శ్రద్ధగా వినండి. రెసిన్‌కి కోబాల్ట్ (త్వరగా గట్టిపడేలా చేసే మందు) విడిగా కలిపే చోట కోబాల్ట్‌నీ హార్డెనర్‌నీ నేరుగా ఒకదానిలో ఒకటి పోయకూడదు, మంట లేస్తుంది, పేలవచ్చు. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు, కళ్లని పూర్తిగా కప్పే రక్షణ అద్దాలు పెట్టుకోండి. పాలీయురేథేన్‌ని స్ప్రే గన్‌తో కొడితే అందులోని ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఊపిరితిత్తులకి ప్రమాదం, మామూలు గుడ్డ మాస్క్ ఏమీ ఆపదు. రోలర్‌తోనే వేయండి.

హార్బర్‌లో నీళ్లలోనే ఉండే బోట్ల సంగతి వేరు. ఆ మెరుపు పెయింట్లు ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండటానికి పనికిరావు. నీటిగీత కింద ఎపాక్సీ ప్రైమర్, దానిపైన నాచు, గవ్వలు పట్టని యాంటీఫౌలింగ్ వేయాలి.

[దృశ్యం: తెల్లవారుజామున బోటు మీద మంచు తడి]

సముద్రం ఒడ్డున రాత్రి తేమ దిగుతుంది. సాయంత్రం వేసిన పెయింట్ పొద్దున్నకి మసకబారేది దానివల్లే. తడి పూర్తిగా ఆరాక మొదలుపెట్టి, మధ్యాహ్నం రెండు గంటల్లోపు ఆపేయండి, నేరుగా ఎండ పడకుండా పైన టార్పాలిన్ కట్టండి. పాలీయురేథేన్ ముట్టుకుంటే మర్నాటికి ఆరినట్టే ఉంటుంది గానీ, పూర్తి గట్టిదనం రావడానికి వారం పడుతుంది. జూన్ 15 పొద్దున్న బోటు నీళ్లలో ఉండాలంటే, రిజిస్ట్రేషన్ నంబరు రాయడంతో సహా ఆఖరి కోటు జూన్ 7 లోపు పడిపోవాలి.