రిహాబ్ వార్డులో గ్లాసుడు నీళ్లు

"రోజుకు ఫిజియో ఎంతసేపు చేయిస్తారు?" స్ట్రోక్ వచ్చిన మనిషిని, కోలుకోవడానికి థెరపీలు చేయించే రిహాబ్‌లో చేర్చేటప్పుడు ఇంట్లోవాళ్లు మొదట అడిగేది ఇదే. అడగాల్సిందే. కానీ ఫిజియో గంట అయిపోతే ఆ రోజు వైద్యం అయిపోయినట్టే, ఇక మంచమే అనుకుంటారు చూడండి, నాకు చిరాకు అక్కడే.

ఈ వీడియో మొత్తానికి ఒకటే ఉదాహరణ. పేషెంట్‌కి ఎడమవైపు చచ్చుబడింది. దాహంగా ఉంది. పక్కన బల్ల మీద గ్లాసుడు నీళ్లున్నాయి. తాగాలి, అంతే.

అసలు తాగొచ్చా? స్ట్రోక్ తర్వాత మింగడం దెబ్బతినొచ్చు. మనకైతే పొలమారితే దగ్గొస్తుంది. వీళ్లలో కొందరికి దగ్గు కూడా రాదు, నీళ్లు చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి పోతాయి, న్యుమోనియా వస్తుంది. అందుకే మింగే పరీక్ష అయ్యేదాకా నోట్లో చుక్క పోయకూడదు. తేడా కనిపిస్తే స్పీచ్ థెరపిస్ట్ వివరంగా చూస్తారు. అవును, మింగడం కూడా వాళ్ల పనే. పొలమారకుండా నీళ్లు చిక్కగా చేసి ఇమ్మంటే చాలామంది సరిపడా తాగరు. ఒంట్లో నీరు తగ్గకుండా డైటీషియన్ లెక్క చూసుకోవాలి.

సరే, తాగొచ్చన్నారు. పక్కకు ఒరిగిపోకుండా కూర్చోవాలి, అది ఫిజియో పని. చేయి చాచి గ్లాసు పట్టుకుని నోటిదాకా తేవాలి, అది ఆక్యుపేషనల్ థెరపిస్ట్ పని.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. గ్లాసు ఎడమవైపు ఉందనుకోండి. మెదడు కుడి భాగం దెబ్బతిని ఇలా ఎడమవైపు చచ్చుబడిన కొందరికి ఎడమవైపు అనేది ఒకటుందనే ధ్యాసే ఉండదు. దీన్ని నెగ్లెక్ట్ అంటారు. కళ్లు బాగానే ఉంటాయి, అయినా పళ్లెంలో ఎడమ సగం అలాగే మిగిలిపోతుంది. మరి గ్లాసు ఎటు పెట్టాలి? ఎడమవైపు చూడటం అలవాటు కావాలంటే ఎడమవైపు పెట్టాలి. దాహంతో అల్లాడకూడదంటే కుడివైపు పెట్టాలి. థెరపీ జరిగేటప్పుడు ఎడమవైపు, మిగతా సమయంలో గ్లాసు, కాలింగ్ బెల్ కుడివైపు అని ఒక మాట మీదికి రావచ్చు. ఏది తేల్చుకున్నా రాత్రి డ్యూటీ నర్సు దాకా తెలియాలి. ఆవిడకు తెలియకపోతే థెరపిస్ట్ పగలంతా పడ్డ కష్టం రాత్రికి నీరుగారిపోతుంది.

అందుకే ఇలాంటి స్ట్రోక్ యూనిట్‌కి గుండెకాయ వారానికి కనీసం ఒకసారి జరిగే టీమ్ మీటింగ్. డాక్టర్, నర్సు, థెరపిస్టులు, సోషల్ వర్కర్ కూర్చుని "రెండు వారాల్లో కుర్చీలో కూర్చుని సొంతంగా నీళ్లు తాగాలి" లాంటి లక్ష్యం రాసుకుంటారు. సొంత పనులు ఎంతవరకు చేసుకోగలరో కొలవడానికి ఎఫ్ఐఎం లాంటి స్కేళ్లున్నాయి: 18 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 7 మార్కులు. పూర్తిగా ఇతరుల మీద ఆధారపడితే 1, ఎవరి సాయమూ అక్కర్లేకపోతే 7. ప్రేమకొద్దీ గ్లాసు మనమే నోటికి అందిస్తుంటే ఆ మార్కు ఎలా పెరుగుతుంది చెప్పండి?

ఆసుపత్రి బ్రోషర్‌లో థెరపీ చేయించే రోబో ఫొటో చూసి మురిసిపోయేవాళ్లకు ఒక మాట. ఇలా పద్ధతిగా నడిచే స్ట్రోక్ యూనిట్లలో మరణాలు తగ్గుతాయని, సొంత పనులు చేసుకోగలిగేవాళ్లు పెరుగుతారని పేషెంట్ల మీద జరిగిన ఎన్నో ట్రయల్స్ (పరిశోధనలు) కలిపి చూస్తే తేలింది. వయసు ఎంతైనా, స్ట్రోక్ ఎంత తీవ్రమైనా ఆ లాభం కనిపించింది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. థెరపీ ఎంతసేపు? బ్రిటన్‌లో వైద్యం ఎలా చేయాలో సూచించే సంస్థ నైస్ 2023 మార్గదర్శకాల ప్రకారం, అవసరమైనవాళ్లకు అన్ని థెరపీలూ కలిపి రోజుకు కనీసం 3 గంటలు, వారానికి కనీసం 5 రోజులు. అలాగని మొదటి రోజే పరుగులు పెట్టించకూడదు. 2015లో వచ్చిన అవెర్ట్ ట్రయల్‌లో, 24 గంటల్లోపే లేపి పదేపదే నడిపించినవాళ్లు మామూలు పద్ధతిలో చూసినవాళ్లకంటే తక్కువగా కోలుకున్నారు. స్ట్రోక్ తర్వాత దాదాపు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది, అందుకే సైకాలజిస్ట్ కావాలి. చచ్చుబడిన చేయి పట్టుకుని లాగొద్దు, భుజం జారుతుంది. తీవ్రత తక్కువున్నవాళ్లను త్వరగా ఇంటికి పంపి, థెరపీ టీమే అక్కడికి వెళ్లే పద్ధతి కూడా ఉంది. ఇంట్లోవాళ్ల ట్రైనింగ్ డిశ్చార్జ్ రోజున కాదు, చేరిన కొద్ది రోజుల్లోనే మొదలవ్వాలి. కాబట్టి యూనిట్ చూడటానికి వెళ్లినప్పుడు టీమ్ మీటింగ్ ఏ రోజు, ఇంట్లోవాళ్లను రానిస్తారా అని అడగండి. మెషీన్ల సంగతి తర్వాత.